యంత్రము గీసిన పటమును ఇల్లాండ్రు దిద్దుట

గత సంవత్సరము వానకాలములో ఒకనాటి రాత్రి మా ప్రక్కయింటివారి కోడలికి నొప్పులు వచ్చినవి. నెలలు నిండియే యున్నవి గనుక ఎవరును తొట్రుపడలేదు. ఆసుపత్రి బండికి ఫోను చేయగా పావుగంటలో వచ్చెదమనిరి. పావుగంట గడచినది, అరగంట గడచినది, బండి రాలేదు. తుదకు బండి నడుపు నతడే ఫోను చేసి, "అమ్మా, పటములో చూపిన దారినే వచ్చితిని. ఎదుట కాలువ యున్నది, వంతెన లేదు" అని చెప్పెను. బండి దీపములు మాకు అవతలి గట్టున కనబడుచునే యున్నవి. నడుమ నిండుగా పారుచున్న నీరు. అతడు వెనుకకు మరలి మూడు కిలోమీటర్లు చుట్టి రావలసి వచ్చెను. ఆ చిన్నది ఆసుపత్రి చేరకమునుపే బండిలో ప్రసవించినది. తల్లియు బిడ్డయు క్షేమముగనే యున్నారు. కాని ఆ ముప్పావుగంట సేపు ఆమె అత్తగారు వీధి యరుగుమీద పడిన ఆరాటమును నేను మరువజాలను.

మరునాడు నా ఫోనులో ఆ పటమును తెఱచి చూచితిని. కాలువను అడ్డముగా దాటి మా వీధిలోనికి చక్కని బాట యొకటి గీయబడి యున్నది. అచ్చట నున్నది బాట కాదు; వేసవిలో కాలువ ఎండినపుడు పశువులు దాటు జాడ. కాలేజీలో చదువుచున్న మా మేనల్లుని పిలిచి, దీనిని గీసిన బుద్ధిమంతు డెవరని అడిగితిని. "అత్తా, ఎవరును వచ్చి చూచి గీసినట్లు లేదు. ఆకాశమునుండి తీసిన ఫొటోను చూచి యంత్రము ఊహించి యుండును" అని వాడు నవ్వెను. తప్పును ఆ పటము వారికే తెలియజేయు మార్గము ఫోనులోనే యున్నది. తెలియజేసితిమి, కొన్నాళ్లకు ఆ బాట తొలగినది. అయినను, ఊరు చూడని యంత్రము మా యూరిని ఎట్లు గీయుచున్నదో తెలిసికొనవలెనను పట్టుదల నాకు కలిగినది. నేను నేర్చుకొన్నంత వరకు సోదరీమణులకు చెప్పుచున్నాను. నేను ఇంజనీరును కాను. కంప్యూటరులో ఉత్తరములు వ్రాయుట, లెక్కలు వేయుట మాత్రమే యెఱిగినదానను. అంతమాత్రము తెలిసిన చాలును.

కృత్రిమ మేధ యని పత్రికలలో గొప్పగా వ్రాయుచున్నది పటముల విషయమున చేయు పని యిది. మొదట మనుష్యులు వేలకొలది ఫొటోలలో ఇది ఇంటి కప్పు, ఇది బాట, ఇది చెరువు అని గీతలు గీసి యంత్రమునకు చూపుదురు. పిల్లకు ఓనమాలు దిద్దించినట్లే యనుకొనుడు. అట్లు దిద్ది దిద్ది, తాను మునుపెన్నడును చూడని ఫొటోలో సైతము ఇది కప్పు కావచ్చునని అది ఊహింప నేర్చును. ఐరోపావారి సెంటినెల్-2 అను ఉపగ్రహముల జంట అయిదు దినముల కొకసారి మన మీదుగా పోయి ఫొటో తీయుచున్నది. కాని అందులో పది మీటర్ల చదరము ఒక్క చుక్కగా కనబడును. పైరు పచ్చగా నున్నదా, చెరువు నిండినదా యని చూచుటకు అది చాలును. మా యిల్లంతయు అందులో ఒకటి రెండు చుక్కలు. కప్పులను గుర్తించుటకు అంతకంటె సూక్ష్మమైన ఫొటోలు కావలెను. అట్టి వానినుండి గూగుల్ వారు 2023లో వెలువరించిన "ఓపెన్ బిల్డింగ్స్" అను పట్టికలో ఆఫ్రికా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా, లాటిన్ అమెరికా ప్రాంతములందలి కట్టడములు 180 కోట్లు చేరినవి. అందులో ఒక్కొక్క కట్టడమునకు ప్రక్కన ఒక అంకె యుండును. ఒకటికి దగ్గరగా నున్నచో యంత్రమునకు నమ్మక మెక్కువ, 0.65 దగ్గర నున్నచో సందేహ మెక్కువ యని దాని యర్థము. ఈ యంకె నాకు మిక్కిలి నచ్చినది. తాను ఊహించుచున్నానని యంత్రము ఒప్పుకొనుచున్నది. పటము చూచు మనమే దానిని వేదవాక్కుగా దలచుచున్నాము.

ఇక పని మొదలుపెట్టుట యెట్లు? ఎవరైనను దిద్దదగిన పటమొకటి లోకములో కలదు. దాని పేరు "ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్". ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అను నతడు 2004లో దీనిని ఆరంభించెను. వెల లేదు. ఒక పేరును, ఈమెయిలును ఇచ్చి చేరవచ్చును. ఆ పేరు మన సొంత పేరే కానక్కఱలేదు, పెట్టుకొనకుండుటయే మేలు. దీనిని దిద్దుటకు "రాపిడ్" అను పనిముట్టు కలదు. ఫేస్‌బుక్కు సంస్థవారు 2019లో దానిని బయటపెట్టిరి. ఫోనులో కన్న ఒడి కంప్యూటరులో తెఱచుట సుఖము. తెఱవగానే మన యూరి ఫొటో పఱచినట్లు కనబడును. దానిమీద యంత్రము ఊహించిన బాటలును ఇండ్లును ముదురు గులాబీ రంగులో మెఱయుచుండును. ఒక గీతను నొక్కినచో, దీనిని చేర్చుదువా, విడిచిపెట్టుదువా యని అడుగును. చేర్చిన పిమ్మట దాని వంకరలు సవరించి, అది బండ్ల బాటయో కాలిబాటయో గుర్తుపెట్టి, తుదకు ఏమి మార్చితిమో ఒక వాక్యము వ్రాసి పంపవలెను. వీధి పేరును తెలుగులోనే వ్రాయవచ్చును.

ముగ్గు వేయ నేర్చిన వారికి ఈ విద్య క్రొత్త కాదు. పటములో నున్నవన్నియు మూడే జాతులు: చుక్క, గీత, మూసిన గడి. బావి చుక్క, బాట గీత, ఇల్లును చెరువును గడులు. చుక్క తప్పినచో ముగ్గు చెడునట్లే యిదియు చెడును. నేను మొదటి దినమున వంటిల్లు సర్దుకొని కూర్చుండి రెండు గంటలలో పదునాలుగు ఇండ్లు మాత్రమే చేర్చగలిగితిని. అందులో మూడు ఇండ్లు కావు. ఒకటి గడ్డివామి, ఒకటి నీలపు పట్టా కప్పిన ధాన్యపు రాశి, మూడవది మా తోడికోడలి పుట్టింటివారి పెండ్లి పందిరి! ఫొటో తీసిననాడు పెండ్లి జరిగినది కాబోలు. మఱియొక ప్రక్క, తాటాకు గుడిసెలు నేల రంగులో కలిసిపోయి యంత్రమునకు కనబడనే లేదు. మామిడితోపు క్రింది బాట కనబడలేదు. పెద్దయిండ్లన్నియు పటమున కెక్కినవి, పేదల గుడిసెలు తప్పిపోయినవి. ఇది కావలెనని చేసినది కాదు; కాని అట్లే విడిచినచో ఆ పటమును చూచి కుళాయిలు వేయువారికి ఆ గుడిసెలు లేనట్లే యగును.

నేనిట్లు కాలువగట్లు గీయుచుండుట చూచి మా వారు, "నీవు సర్వే శాఖలో చేరితివా?" అని వేళాకోళము చేసిరి. మేరీ థార్ప్ కథ చదివిన పిమ్మట ఆ మాట నన్ను బాధింపలేదు. ఆ యమెరికా వనిత సముద్రపుటడుగు పటములు గీసినది. స్త్రీలను ఓడ లెక్కనీయని ఆ దినములలో, మగవారు తెచ్చిన లోతు లెక్కలను గదిలో కూర్చుండి కాగితముమీద గీసి, అట్లాంటిక్ సముద్రపు నడుమనున్న కొండల వరుసలో పొడవైన లోయ యున్నదని 1952 ప్రాంతమున కనిపెట్టినది. ఆమెతో పనిచేయు బ్రూస్ హీజెన్ దానిని ఆడపిల్లల కబుర్లని మొదట త్రోసివేసెను. భూమి పొరలు విడిపోవుచున్నవనుటకు ఆ లోయయే గొప్ప నిదర్శన మయ్యెను. ఆమె పరిశోధనకై ఓడ ఎక్కుట 1968లో గాని పొసగలేదు.

పటము గీయుట సగము పని. దానిని ప్రశ్నలడుగుట తక్కిన సగము. దీనికై "క్యూజిస్" అను పనిముట్టు కలదు. 2002లో ఆరంభమైనది, వెల లేనిది. బావుల చుక్కలను అందులో పెట్టి, ఒక్కొక్క బావి చుట్టు అరకిలోమీటరు వలయము గీయుమన్నచో క్షణములో గీయును. వలయమునకు వెలుపల మిగిలిన ఇండ్లెన్నో లెక్కించి చెప్పును. ఇటీవల కృత్రిమ మేధను చేర్చిన పనిముట్లలో, ఇంగ్లీషులో ఒక వాక్యము వ్రాసి అడిగినను ఇదే పని చేసి రంగుల పటము చేతికిచ్చుచున్నవి. మా మేనల్లుడు అట్టిదానిని, "ఈ యూరిలో మంచినీటి బావికి దూరముగా నున్న ఇండ్లెవ్వి?" అని అడిగెను. పటము వచ్చినది, అందముగనే యున్నది. చూడగా మా యూరిలో బావులు నాలుగని యున్నది!

నాలుగెట్లగును? ఆ పటములో ఎవరో నాలుగు చుక్కలు పెట్టియున్నారు, తక్కినవి పెట్టలేదు. లేదనుటకును, వ్రాయలేదనుటకును యంత్రము భేదమెఱుగదు. ఇదియే నేను నేర్చుకొన్న దానిలో ముఖ్యము గనుక కొంచెము నిలిచి చెప్పెదను.

1854లో లండను నగరమున సోహో అను పేటలో కలరా వ్యాపించి పది దినములలో అయిదువందల మందికి పైగా చచ్చిరి. జాన్ స్నో అను వైద్యుడు ఏ యింటిలో ఎందఱు చచ్చిరో పటముమీద నల్లని గీతలుగా పెట్టెను; నీటి పంపులను గుర్తించెను. చావులు బ్రాడ్ స్ట్రీటు పంపు చుట్టు మూగియుండెను. సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడి తీసివేసిరి. పటముల విద్యకు ఇది మొదటి కథగా చెప్పుదురు. కాని పటముతో కుదరని సంగతులు రెండుండెను. దూరమున హాంప్‌స్టెడ్‌లో నున్న ఒక విధవరాలు కలరాతో చచ్చినది. విచారింపగా, ఆ పంపు నీటి రుచి తనకు ఇష్టమని ఆమె దినమును ఒక సీసాడు నీరు తెప్పించుకొనుచుండెనని తేలినది. పంపునకు దగ్గఱనే యున్న సారాయి బట్టీలో పనివారు డెబ్బది మంది యుండగా కలరాతో ఒక్కడును చావలేదు. వారు బీరు త్రాగుదురు, పంపునీరు ముట్టరు. తరువాత హెన్రీ వైట్‌హెడ్ అను మతగురువు ఇల్లిల్లు తిరిగి అడుగగా, 40వ నంబరు ఇంటి తల్లి యొకతె, జబ్బుపడిన తన పసిబిడ్డ గుడ్డలు తడిపిన నీటిని ఇంటిముందరి మురుగుగుంటలో పోసితినని చెప్పినది. ఆ గుంట బావికి మూడడుగుల దూరములోపలనే యున్నది. దాని యిటుకలు శిథిలమై యున్నవి. వ్యాధి మొదలు అక్కడ దొరకినది. నల్లగీతలు స్థలమును చూపినవి, కారణమును ఆ తల్లి మాట చూపినది.

ఈ కథ చదివిన పిమ్మట నేనును మా తోడికోడలును మధ్యాహ్నపు వేళలలో నాలుగు వారములు మా యూరి వీధులు తిరిగితిమి. బావులు పదునొకండు తేలినవి. వానిలో మూడు మాఘము దాటగానే ఉప్పన. ఒకదానిలో నీరు మంచిదే గాని గిలక విరిగి రెండేండ్లైనది. ఈ సంగతులు ఏ ఫొటోలోను కనబడవు. నీరు తోడువారి కొక్కరికే తెలియును. కుమ్మరివారి సందునకు దగ్గఱి మంచినీటి బావి నూట ఎనుబది మీటర్లే యని క్యూజిస్ చెప్పినది. అది కాకి లెక్క. నడుమ కాలువ యున్నది గావున వంతెన మీదుగా బిందె మోసికొని రావలసిన దూరము తొమ్మిది వందల మీటర్లు. బాటల వెంబడి నడక కొలుచు వేఱు లెక్కయు ఆ పనిముట్టులోనే యున్నది; అది కావలెనని మనము ప్రత్యేకముగా కోరవలెను. వలయపు పటము, నడక పటము రెండును ప్రక్కప్రక్కన అచ్చువేసి పంచాయతివారికి ఇచ్చితిమి. కాలువకు కాలివంతెన వేయుటకు అంచనా కట్టుమని ఇంజనీరును పిలిపించి యున్నారు.

ఒక జాగ్రత్త చెప్పవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక వీధులు మునిగినప్పుడు చూచితిమి గదా! మబ్బులలోనుండి సైతము చూడగల రాడారు ఉపగ్రహములు కలవు. నీటిలో చిక్కిన కప్పులను యంత్రము లెక్కింపగలదు. ఏ కప్పు క్రింద లేవలేని ముసలమ్మ యున్నదో, ఏ యింట బాలింత యున్నదో వీధివారే చెప్పవలెను. అయినను అట్టి సంగతులను లోకమంతయు చూచు పటములో ఎన్నడును పెట్టరాదు. ఇంటివారి పేర్లు, ఒంటరి స్త్రీ యుండు ఇల్లు, బంగారపు పనివాని ఇల్లు అని గుర్తులు పెట్టరాదు. అవి మన కంప్యూటరులోనో, చేతి పుస్తకములోనో ఉండవలెను. 2021 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వమువారు పటముల పనికి పూర్వమున్న అనుమతుల చిక్కులను మనవారికి చాలవఱకు సడలించిరి. సైన్యపు స్థలముల జోలికి మాత్రము పోవలదు.

బావుల లెక్క ఇంకను ముగియలేదు. గుడి వెనుక తాను కాపురమునకు వచ్చిన క్రొత్తలో పండ్రెండవ బావి యుండెడిదనియు, దానిని పూడ్చి పైన కొట్టు కట్టిరనియు మా అత్తగారు చెప్పుచున్నారు. ఇప్పుడు లేనిదానిని ఆ పటములో పెట్టగూడదని నియమము. "లేకపోవుటేమి, క్రింద నీరుండునుగదా, నా బావిని ఎందుకు పెట్టవు?" అని ఆమె దినమును అడుగుచున్నారు. ఆమె చూపిన చోటును నేను విడిగా ఒక చుక్కపెట్టి నా కంప్యూటరులో దాచియుంచితిని.