పెట్టె నంబరుకి పట్టుచీర

జూబ్లీ హిల్స్ రోడ్ నంబరు 36లోనూ, ఆ చుట్టుపక్కల రోడ్లలోనూ చీరల దుకాణాలు, డిజైనర్ల స్టూడియోలు చాలా ఉన్నాయి. సినిమాలో నాయిక కట్టిన చీరలాంటిది కావాలనుకునేవాళ్లు ఇవాళ షాపు మెట్లెక్కి రానక్కర్లేదు. అమెరికాలో ఓ చిన్న ఊళ్లో ఉండే తెలుగావిడ ఫోన్‌లోనే చీర ఎంచుకుని, డబ్బు కట్టే ముందు చిరునామా గడిలో ‘పి.ఓ. బాక్స్ 1142’ అని కొట్టిందనుకుందాం. వెబ్‌సైటు ‘చిరునామా చెల్లదు’ అని ఎర్రక్షరాల్లో మొండికేయొచ్చు. లేదా ఏమీ అనకుండా డబ్బు తీసుకోవచ్చు. నష్టం ఎక్కువ రెండోదాంట్లోనే. చీర ప్యాకయ్యి, విమానమెక్కి, అమెరికాలో దిగి, ఇంటికి చేరాల్సిన ఆఖరి అంచెలో ఆగిపోతుంది. అది తిరిగొస్తే రానుపోను ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకో తగాదా.

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ ఇచ్చింది అసలుసిసలు చిరునామా. కాకపోతే అది తపాలా శాఖకి మాత్రమే పనికొచ్చే చిరునామా.

పోస్ట్ బాక్స్ అంటే వీధి మలుపులో ఉత్తరాలు వేసే ఎర్ర డబ్బా కాదు. పోస్టాఫీసు లోపలే, అద్దెకి ఇచ్చే చిన్న అర. దానికో నంబరు. ఉత్తరాలు పోస్ట్‌మన్ ఇంటికి తేడు, ఆ అరలో వేస్తాడు, అద్దెకి తీసుకున్నవాళ్లే వెళ్లి తెచ్చుకుంటారు. మన దేశంలోనూ ఈ సదుపాయం ఎప్పటినుంచో ఉంది. రోజూ కట్టలకొద్దీ ఉత్తరాలు వచ్చే సంస్థలు, ఇంటి చిరునామా బయటపెట్టడం ఇష్టంలేనివాళ్లు వాడుకునేవారు. అమెరికాలో అయితే ఇంటింటికీ టపా పంచని చిన్న ఊళ్లూ ఉన్నాయి. అక్కడివాళ్లకి బాక్సే దిక్కు.

ప్రైవేటు కొరియరుకి ఇక్కడే అడ్డు. ఆ అర తపాలా శాఖది, దాన్ని నింపేది ఆ శాఖ సిబ్బందే. కొరియర్ కుర్రాడు పార్సెల్ పట్టుకొచ్చినా లోపల పెట్టలేడు. పైగా అతనికి ఎదురుగా మనిషి కావాలి. ఒకచోట సంతకం, ఒకచోట ఓటీపీ, మన దగ్గరైతే క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు కూడా. అర సంతకం పెట్టదు, ఓటీపీ చెప్పదు. అందుకే అమెరికాలో యూపీఎస్, ఫెడెక్స్ మామూలుగా పోస్ట్ బాక్సులకి డెలివరీ చెయ్యవు. అదే చీరని భారతీయ తపాలా శాఖ ఈఎంఎస్‌లో, అంటే అంతర్జాతీయ స్పీడ్ పోస్ట్‌లో పంపితే సంగతి వేరు. అక్కడ దిగాక దాన్ని అందుకునేది అమెరికా తపాలా శాఖే కాబట్టి 1142 నంబరు వాళ్లకి అర్థమవుతుంది. పెట్టెలో పట్టకపోతే స్లిప్పు వేస్తారు, కౌంటర్లో చూపించి తీసుకోవాలి.

అంటే చిరునామా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి, ఎవరు మోసుకెళ్తున్నారో తెలియకుండా జవాబే లేదు. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. 2025 ఆగస్టు చివర్లో అమెరికా కస్టమ్స్ నిబంధనలు మారడంతో మన తపాలా శాఖ ఆ దేశానికి పార్సెళ్లు తీసుకోవడం కొన్నాళ్లు ఆపేసి, అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది. వీధి చిరునామా ఉన్నవాళ్లకి ఆ రోజుల్లో కొరియర్ దారి మిగిలింది. బాక్సు తప్ప వేరే చిరునామా లేనివాళ్లకి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

గల్ఫ్‌కి వస్తే లెక్క తలకిందులవుతుంది. జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో, కోనసీమ నుంచో దుబాయ్ వెళ్లినవాళ్లని చిరునామా అడిగితే చాలామంది కంపెనీ పోస్ట్ బాక్స్ నంబరే చెబుతారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఉత్తరాలకి చిరకాలంగా ఉన్న పద్ధతి అదే, ఆ దేశంలో పిన్ కోడ్‌లాంటిదే లేదు. మన వెబ్‌సైటు మాత్రం పిన్ కోడ్ వేస్తేగాని ముందుకు కదలనంటుంది, ఆ అబ్బాయి గత్యంతరం లేక వరసగా సున్నాలు కొడతాడు. దుబాయ్‌లో భవనాల గుమ్మాలకి మకానీ అనే పది అంకెల నంబర్లు బిగించారు. వాటితో నేరుగా తలుపు దగ్గరికి వెళ్లొచ్చు. కానీ ఆ నంబరు రాయడానికి మన ఫారాల్లో గడే ఉండదు. అలాంటి దేశాలకి పెద్ద కొరియర్లు కూడా, ఫోన్ నంబరు తప్పనిసరిగా ఇస్తే, పోస్ట్ బాక్స్ చిరునామాని ఒప్పుకుంటాయి. అమెరికా కోసం రాసిన నిషేధాన్ని గల్ఫ్‌కి కూడా తగిలిస్తే, దూరాన కష్టపడి సంపాదించే మనిషికి అమ్మ పంపే ఆవకాయకి అడ్డుపడటమే.

ఇక కంప్యూటర్ పోస్ట్ బాక్సుని ఎలా పసిగడుతుందో చూద్దాం. ముందు అక్షరాల వరసని వెతుకుతుంది: ‘పి’, దాని వెనక చుక్క ఉన్నా లేకపోయినా సరే, ‘ఓ’, మళ్లీ చుక్కో ఖాళీయో, ఆపైన ‘బాక్స్’, చివర అంకెలు. మనుషులు ఇంగ్లిషులో దీన్ని పది రకాలుగా రాస్తారు కాబట్టి నమూనా కాస్త వదులుగా ఉండాలి. ప్రోగ్రామర్ ఇంకా వదులు చేసి, ‘బాక్స్’ లేకపోయినా ‘పి.ఓ.’ కనబడితే ఆపెయ్యమన్నాడనుకోండి, మన పల్లెలన్నీ ఆ వలలో పడతాయి. ఆధార్ కార్డు మీదైనా, పెళ్లి శుభలేఖ మీదైనా మన పల్లె చిరునామా ఎలా ఉంటుంది? తండ్రి పేరు, ఇంటి నంబరు, గ్రామం, పి.ఓ. ఫలానా, మండలం, జిల్లా. ఇక్కడ పి.ఓ. అంటే ఆ ఊరికి టపా పంచే పోస్టాఫీసు పేరు. ఆ మనిషికి ఇల్లుంది, అరుగుంది, పార్సెల్ అందుకునే అత్తగారు ఇంట్లోనే ఉన్నారు. అయినా తెర మీద ‘పోస్ట్ బాక్సులకి పంపము’ అని వస్తుంది.

అక్షరాలని నమ్ముకోవడం కంటే తపాలా శాఖ డేటాబేస్‌ని అడగడం మేలు. అమెరికా జిప్ కోడ్ పట్టికలో ప్రతి వరసకీ ఓ రకం గుర్తు ఉంటుంది: వీధి ఇళ్లకి ‘ఎస్’, అంతస్తుల భవనాలకి ‘హెచ్’, పోస్ట్ బాక్సులకి ‘పీ’. అది చూస్తే ఊహించాల్సిన పని లేదు. అక్కడ ఇంకో వెసులుబాటు కూడా ఉంది. కొన్ని పోస్టాఫీసుల్లో బాక్సున్నవాళ్లు, ఆ పోస్టాఫీసు వీధి చిరునామా రాసి పక్కన బాక్సు నంబరు వేసుకోవచ్చు. అప్పుడు ప్రైవేటు కొరియర్ తెచ్చిన పార్సెల్‌ని కూడా పోస్టాఫీసే అందుకుంటుంది. ‘చెల్లదు’ అని తలుపు మూసేసే బదులు ఈ సంగతి చెప్పే ఒక్క వాక్యం తెర మీద పెడితే చీర చేరుతుంది.

వీధి చిరునామా ఉన్నంత మాత్రాన కష్టాలు తీరవని జూబ్లీ హిల్స్‌లో పార్సెళ్లు పంచేవాళ్లకి బాగా తెలుసు. ఇక్కడి ఇంటి నంబర్లలో చాలావాటికి మొదలు ఒక్కటే: 8-2-293/82/ఏ. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఊరికి దూరంగా రాళ్లగుట్టలుగా ఉన్న నేల మీద హౌసింగ్ సొసైటీ ప్లాట్లు వేశాక, అదే నంబరుకి గీత మీద గీత చేరి, చివరికి ప్లాటు నంబరే దారి చూపే ఆధారమైంది. పైగా రోడ్ నంబరు 10 జూబ్లీ హిల్స్‌లో ఒకటి, పక్కనే బంజారా హిల్స్‌లో ఒకటి. ‘రోడ్ నంబరు 10, హైదరాబాద్’ అని రాసి ఊరుకుంటే ఆ రెండింటినీ విడదీసేది పిన్ కోడ్ ఒక్కటే: జూబ్లీ హిల్స్‌కి 500033, బంజారా హిల్స్‌కి 500034. ఫిల్మ్ నగర్‌కి మళ్లీ వేరు, 500096.

పిన్ కోడ్‌ని రూపొందించినవారు తపాలా శాఖ అధికారి, సంస్కృత కవి కూడా అయిన శ్రీరామ్ భికాజీ వేలంకర్. 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. మొదటి అంకె 5 ఉంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. చివరి మూడంకెలు టపా పంచే పోస్టాఫీసుని చెబుతాయి. అంటే పిన్ కోడ్ ఇంటిని కాదు, పోస్టాఫీసుని చూపిస్తుంది. పోస్టాఫీసు అరలో పార్సెల్ పెట్టలేని ప్రైవేటు కంపెనీలు కూడా సరుకు వేరుచేసుకోవడానికి ఆ పోస్టాఫీసు నంబరునే వాడుకుంటున్నాయి.

ఇంటినే చూపించే ప్రయత్నం డిజిపిన్. తపాలా శాఖ దీన్ని ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకి చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌లతో కలిసి తయారుచేసి 2025 మేలో విడుదల చేసింది. రెండూ మన హైదరాబాద్ పరిసరాల్లో ఉన్న సంస్థలే. దేశాన్నంతా కప్పేలా 36 డిగ్రీల నిడివి, 36 డిగ్రీల వెడల్పు ఉన్న చదరం గీశారు. దాన్ని నాలుగు నిలువు, నాలుగు అడ్డంగా 16 గళ్లు చేసి, ఒక్కో గడికి ఒక అంకెనో అక్షరాన్నో ఇచ్చారు. ఆ గడిని మళ్లీ 16 చేశారు. ఇలా పదిసార్లు చేస్తే గడి ఒక్కోవైపు నాలుగు మీటర్ల లోపుకి వస్తుంది. మూడో మెట్టు దాకా లెక్క వేస్తే హైదరాబాద్ నగరం 422 అనే గడిలో పడుతుంది, ఆ గడి ఒక్కోవైపు సుమారు 60 కిలోమీటర్లు. చార్మినారైనా ఫిల్మ్ నగరైనా డిజిపిన్ మొదలయ్యేది 422తోనే. మిగతా ఏడు గుర్తులూ గుమ్మం దాకా తీసుకెళ్తాయి. అయితే ఇది నేల మీద గీసిన గడి, ఎత్తు దీనికి తెలియదు. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ ఒకే డిజిపిన్. ఫ్లాట్ నంబరు రాయక తప్పదు.

ఇంత కచ్చితత్వం అందరూ కోరుకునేదీ కాదు. ఫిల్మ్ నగర్‌లో ముఖం నలుగురికీ తెలిసిన మనిషి ఆన్‌లైన్‌లో చెప్పులు కొనాలంటే, తన గుమ్మం ఎక్కడుందో నాలుగు మీటర్ల తేడాతో ఎన్ని గిడ్డంగుల కంప్యూటర్లకి చెప్పాలి? అందుకే చాలామంది ఆఫీసు చిరునామా ఇస్తారు. కానీ తను వదిలేసిన మనిషి వెంటపడుతుంటే ఇల్లు మారిన ఆడమనిషికి ఆఫీసు ఉండదు, మేనేజరు ఉండడు. ఆమెకి పోస్ట్ బాక్స్ ఓ రక్షణ. దుకాణం ఫారం ముందు ఏ దేశమో అడిగి, తర్వాత తపాలానా కొరియరా అడిగి, అప్పుడు చిరునామా గడి తెరిస్తే ఆమె పార్సెల్ స్పీడ్ పోస్ట్‌లో ఆమె బాక్సున్న పోస్టాఫీసుకి వెళ్తుంది. అక్కడికి వెళ్లి తనే తెచ్చుకుంటుంది, ఇంటి నంబరు దుకాణానికి చెప్పాల్సిన పని పడదు.