మిరపకోతలు - తెరమీది పాఠములు

సంక్రాంతి వెళ్లినది మొదలు చిలకలూరిపేట చుట్టుప్రక్కల పల్లెలలో మిరపకోతలు ముమ్మరమగును. బడికి పోవలసిన కూలిపిల్లలు కొందరు తల్లులవెంట చేలకు పోవుదురు. వేసవి పరీక్షలు ముంగిటనే యుండును. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె గణితమున ముఖ్యమైన పాఠము జరుగు దినమున చేనిలో నుండెననుకొందము. మరునాడామె బడికి వచ్చినను, తప్పిన మెట్టు తప్పినదే. దీనికి ప్రతిక్రియ యేమి?

అమెరికాలో కొలరాడో రాష్ట్రమందలి వుడ్‌లాండ్ పార్క్ హైస్కూలున రసాయనశాస్త్రము బోధించుచుండిన జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనువారికి 2007 లో నిట్టి చిక్కే యెదురయ్యెను. అచటి పిల్లలు తరగతులు తప్పినది కూలికై కాదు; దూరపుటూళ్ల ఆటపోటీలకై. అంతట వారు కంప్యూటరు తెరపై పాఠము నడుపుచు, తెరమీది వ్రాతను తమ కంఠముతో గూడ వీడియోగా పట్టి యుంచిరి. రానివారికై చేసినది వచ్చినవారికిని ఉపకరించెను. తుదకు ఉపన్యాసము నింటికి పంపి, ఇంటిపనిని తరగతికి దెచ్చిరి. దీనినే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్, అనగా తలక్రిందుల తరగతి, యందురు.

మన రాష్ట్రమునకిది బొత్తిగా క్రొత్త గాదు. 2020 లో కరోనాచే బడులు మూతపడగా దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు ప్రసారమైనవి. 2022 డిసెంబరులో ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన ట్యాబులను పంచెను. ఇవి మెచ్చదగినవే. అయినను అవి దూరముననున్న వారెవరో చెప్పినవి. మన పిల్ల యెచట తడబడునో మన బడి పంతులుకే యెరుక. కావున పాఠము ఆయన గొంతుననే, ఇంటి తెలుగులోనే యుండవలెనని మా యభిప్రాయము.

ఇందులకు వ్యయము స్వల్పము. సెల్‌ఫోనులోనే తెరను పట్టు సౌకర్యము గలదు. కంప్యూటరునకు ఓబీఎస్ స్టూడియో యను సాధనము ఉచితముగా లభించును. ఒక వీడియోలో నొక్క విషయమే చెప్పవలెను. 2014 లో ఎడెక్స్ పాఠములను పరిశీలించినవారు, చూపరుల శ్రద్ధ ఆరు నిమిషములకు మించి నిలుచుట అరుదని కనుగొనిరి. మెమరీకార్డులో నెక్కించి యిచ్చినచో నెట్టు లేని యింటను చూడవచ్చును. ఫోను లేని పిల్లకు బడిలోనే చూపవలెను. ఇట్లు మిగిలిన తరగతి కాలమున పంతులు ప్రతి పిల్లప్రక్కను నిలిచి లెక్క చేయించవలెను. అది జరుగనిచో ఈ శ్రమయంతయు వ్యర్థము.

భూస్వాములకొక్క మాట. వీడియో యున్నదిగదా యని బాలికను చేనిలో నుంచుకొనుట ధర్మము గాదు. 6 మొదలు 14 ఏండ్లవరకు చదువు పిల్లల హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. జ్వరమువలననో, విధిలేకనో తప్పిన దినమునకే ఈ తెరపాఠము ఊతకఱ్ఱ. కోతకు పెద్దల బిలువుడు, పిల్లలను బడికంపుడు. మీ యూరి పంతులుకొక మంచి మైకును కొని యిండు. కల్లమునకు గాపుంచెడు మనము, బడికిని గాపుండవలదా?