పేరు నిలిపినవారు

ఒక పాఠశాల యున్నదనుకొందము. ఏటేట జూన్ మాసమున క్రొత్త పిల్లలు వత్తురు. పెద్ద తరగతి పిల్లలు వెడలిపోదురు. ఉపాధ్యాయులకు బదిలీలు కలుగును. ఇరువది యేండ్లు గడచునప్పటికి హాజరుపట్టీలో తొలినాటి పేరొక్కటియు మిగులదు. అయినను ద్వారము మీది బల్లపై పేరు మారదు. ఊరివారు దానిని ఆ పాఠశాలయే యందురు. ఏది నిలిచినందున అది అదే పాఠశాల యైనది? గోడలా? పేరా? లేక ప్రతిదినము వేళ తప్పక గంట కొట్టు మనిషియా?

కళాబృందముల విషయమున ఈ ప్రశ్న మరింత చిక్కైనది. నాటకసమాజమునందు గాని గానబృందమునందు గాని మనిషి మారినచో గొంతు మారును. గొంతు మారినచో రుచి మారును. పాశ్చాత్యుల రాక్ సంగీతమున ఈ చిక్కునకు ఉదాహరణముగా చూపదగిన బృందమొకటి కలదు. దాని పేరు ఫ్లీట్‌వుడ్ మాక్. 1967లో లండన్ నగరమున పుట్టి అర్ధశతాబ్దమునకు పైగా బ్రదికిన ఆ బృందమున చేరినవారు, విడిచినవారు, తొలగింపబడినవారు, మరలి వచ్చినవారు అందరును కలసి ఇంచుమించు 18 మంది. వారిలో తొలిదినములనుండి తుదివరకు నిలిచినవారు ఇద్దరే. ఆ ఇద్దరును గాయకులుగా పేరుపడినవారు కారు. పాటలు కట్టుటలోను వారి పాలు స్వల్పమే. ఒకడు డ్రమ్ములు వాయించు మిక్ ఫ్లీట్‌వుడ్. రెండవవాడు బేసు గిటారు వాయించు జాన్ మెక్వీ. ఆశ్చర్యమేమనగా, బృందమునకు పెట్టిన పేరు ఆ ఇద్దరిదే.

నామదానము

అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారి దుఃఖమునుండి, శ్రమనుండి పుట్టిన బ్లూస్ అను గానపద్ధతి 1960 తరువాతి యేండ్లలో ఇంగ్లండు యువకులను మిక్కిలి ఆకర్షించెను. లండనులో జాన్ మేయాల్ నడపిన బృందము అట్టి యువకులకు గురుకులము వంటిది. ప్రసిద్ధుడైన ఎరిక్ క్లాప్టన్ 1966లో దానిని విడిచిపోగా, ఆ స్థానమున గిటారు చేపట్టినవాడు పీటర్ గ్రీన్. అప్పటి కతనికి ఇరువది యేండ్లయినను నిండలేదు. మెక్వీ అక్కడనే బేసు గిటారు వాయించుచుండెను. ఫ్లీట్‌వుడ్ కూడ కొలదికాలము అక్కడ డ్రమ్ములు వాయించి, తొలగింపబడెను.

మేయాల్ కానుకగా ఇప్పించిన స్టూడియో సమయములో గ్రీన్ కొన్ని రచనలను రికార్డు చేసెను. అందొకటి మాటలు లేని వాద్యరచన. దానికి గ్రీన్ తన వెనుక తాళము నడపిన ఇద్దరి పేర్లను జతచేసి ఫ్లీట్‌వుడ్ మాక్ అని పేరిడెను. మాక్ అనగా మెక్వీ పేరులోని తొలిభాగము. తాను స్వంతముగా బృందమును స్థాపించినప్పుడు దానికిని ఆ పేరే పెట్టెను. అయితే మెక్వీ వెంటనే రాలేదు. మేయాల్ వద్ద క్రమముగా ముట్టుచున్న జీతమును వదలుటకు ఆతడు జంకెను. 1967 ఆగస్టు 13న విండ్సరు సంగీతోత్సవమున బృందము తొలిసారి వేదిక యెక్కినప్పుడు బేసు వాయించినవాడు బాబ్ బ్రన్నింగ్ అను తాత్కాలికుడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత చందమున, మనిషి రాకమునుపే మనిషి పేరు బృందమునకు వచ్చినది. కొలది వారములకు మెక్వీ వచ్చి చేరెను. అటుపై కదలలేదు.

గ్రీన్ తలచినచో తన పేరే పెట్టుకొనవచ్చును. జనులు వచ్చుచున్నది ఆతని గిటారు వినుటకే. కాని తానెన్నడైన విడిచిపోవచ్చునని, అప్పుడు ఈ ఇద్దరికి ఒక బృందము మిగిలియుండవలెనని ఆతడు తలచినట్లు తరువాతి కాలమున ఫ్లీట్‌వుడ్ చెప్పెను. ఇరువదియొక్క యేండ్లయినను నిండని యువకునికి ఇట్టి దూరదృష్టి యుండుట సామాన్యము కాదు.

మన సంగీతజ్ఞులు శ్రుతిని తల్లి యనియు, లయను తండ్రి యనియు చెప్పుదురు. పాశ్చాత్య బృందములలో తండ్రి స్థానము డ్రమ్ములది, బేసు గిటారుది. బేసు గిటారు సామాన్యముగా నాలుగు తంత్రులు గలది. దాని నాదము మంద్రము. వినువారు దానిని వేరుగా గుర్తింపకపోవచ్చును. ఆగిపోయినచో మాత్రము పాట నేల విడిచినట్లగును.

ముందునిలిచినవారి విషాదము

తొలి మూడేండ్లు గ్రీన్‌వే. 1968లో తొలి ఆల్బము వెలువడెను. జెరెమీ స్పెన్సర్ తొలినుండియు రెండవ గిటారు వాయించుచుండగా, ఆ యేడు పదునెనిమిదేండ్ల డానీ కిర్వాన్ మూడవ గిటారుతో వచ్చి చేరెను. ఆల్బట్రాస్ అను సముద్రపక్షి పేరు గల వాద్యరచన 1969 జనవరిలో బ్రిటిష్ పట్టికలో అగ్రస్థానము నందెను. కీర్తి వచ్చినది, ధనము వచ్చినది. ఆ ధనమే గ్రీన్‌కు భారమైనది. దానిని దీనులకు పంచివేయవలెనని సహచరులతో వాదించెను. మత్తుమందులు మనసును మరింత కలచివేసినవి. 1970 మే నెలలో ఆతడు బృందమును విడిచిపోయెను. పిమ్మట పలుయేండ్లు మనోవ్యాధితో బాధపడి, ఆస్పత్రులలో చికిత్స పొందెను.

1971 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్ నగరమున స్పెన్సర్ పుస్తకముల దుకాణమునకు పోయివత్తునని బయలుదేరి, మరలి రాలేదు. దినములపాటు వెదకగా ఆతడొక మతశాఖలో కలసిపోయినట్లు తెలిసినది. ముందుగా ఒప్పుకొన్న ప్రదర్శనలు మిగిలియుండుటచే గ్రీన్ తాత్కాలికముగా వచ్చి వానిని పూర్తిచేయించెను. 1972 ఆగస్టులో కిర్వాన్ ఒక ప్రదర్శనకు ముందు కోపావేశమున తన గిటారును పగులగొట్టి, వేదిక యెక్క నిరాకరించెను. ఫ్లీట్‌వుడ్ ఆతనిని తొలగించెను. అనంతర జీవితమున కిర్వాన్ ఇల్లు లేని దినములను సైతము చూచెను.

ముగ్గురు గిటారు విద్వాంసులు, మూడేండ్లలోపల మువ్వురును పోయిరి. ఇది వారి స్వభావదోషమని తీర్పు చెప్పుట సులభము. కాని చిన్న వయస్సున, వేలాది కన్నుల యెదుట, ప్రతిరాత్రియు తన హృదయమును విప్పి చూపవలసిన భారము ఎట్టిదో యోచింపవలెను. వెనుక కూర్చున్నవారికి డ్రమ్ముల చాటైనను కలదు. ముందు నిలిచినవానికి చాటు లేదు.

పేరు కొరకు వ్యాజ్యము

ఖాళీయైన స్థానములు నిండుచునే యున్నవి. మెక్వీ భార్యయు, మంచి పియానో విద్వాంసురాలునైన క్రిస్టీన్ 1970లో చేరెను. 1971లో అమెరికను గిటారు విద్వాంసుడు బాబ్ వెల్చ్ వచ్చెను. 1972లో డేవ్ వాకర్, బాబ్ వెస్టన్ వచ్చిరి. మరుసటి యేడే ఇద్దరును పోయిరి. వెస్టన్‌కు ఫ్లీట్‌వుడ్ భార్యతో ఏర్పడిన సంబంధము బయటపడుటయే ఆతని తొలగింపునకు కారణము. అమెరికాలోని ప్రదర్శనలు నడుమనే ఆగిపోయినవి.

అప్పుడొక వింత జరిగినది. బృందము పేరు తనదేయని మేనేజరు వాదించి, 1974 ఆరంభమున వేరు మనుష్యులను కూర్చి, ఫ్లీట్‌వుడ్ మాక్ అను పేరుతోనే అమెరికాకు పంపెను. ఆ బృందమున ఫ్లీట్‌వుడ్ లేడు, మెక్వీ లేడు. టిక్కెట్లు కొని వచ్చిన జనులు తాము మోసపోయితిమని ఆగ్రహించిరి. ఆ నకిలీ బృందము త్వరలోనే కూలిపోయెను. వ్యవహారము న్యాయస్థానమున నుండగా అసలు బృందమునకు ఇంచుమించు ఒక యేడు ప్రదర్శనలు లేవు. తుదకు పేరు వారికే దక్కినది.

ఈ ఘట్టము ఆలోచింపదగినది. అంతకుముందు గ్రీన్ పోయెను, స్పెన్సర్ పోయెను, కిర్వాన్ పోయెను. అయినను జనులు ఇది నకిలీ బృందమని యనలేదు. తాళము నడపు ఇద్దరును లేని దినమున మాత్రము అనిరి. చట్టము తన తీర్పు తాను చెప్పుకొనునుగాక; శ్రోతలు అంతకుముందే తీర్పు చెప్పియుండిరి.

గొలుసు

1974లో బృందము లాస్ ఏంజిలిస్ నగరమునకు తరలిపోయెను. నిర్వహణభారమును ఫ్లీట్‌వుడ్ తానే వహించెను. ఆ యేటి చివర ఆతడు రికార్డింగునకు తగిన స్టూడియోను వెదకుచు సౌండ్ సిటీ అను చోటికి పోయెను. అక్కడి ధ్వని నాణ్యమును చూపుటకై కీత్ ఓల్సన్ అను రికార్డింగు నిపుణుడు తాను చేసిన పాటయొకటి వినిపించెను. గిటారు వాయించినవాడు లిండ్సే బకింగ్‌హామ్. కొలది వారములకు వెల్చ్ విరమించుకొనగా ఫ్లీట్‌వుడ్‌కు ఆ గిటారే స్ఫురించినది. పిలిచినది ఒకనిని. తనతో పాటలు కట్టి పాడు స్టీవీ నిక్స్ లేక తాను రానని బకింగ్‌హామ్ చెప్పెను. ఇద్దరును వచ్చిరి. 1975లో వెలువడిన ఆల్బము ఒక యేటికి పైగా మెల్లమెల్లగా మెట్లెక్కి, 1976 సెప్టెంబరులో అమెరికా పట్టికలో ప్రథమస్థానము చేరెను.

ఆ విజయపు నడుమనే ఇండ్లు కూలినవి. మెక్వీ దంపతులు విడిపోయిరి. బకింగ్‌హామ్, నిక్స్ విడిపోయిరి. ఫ్లీట్‌వుడ్ సంసారమును చెదరినది. అయినను 1976లో సాసలీటో పట్టణపు స్టూడియోలో ఐదుగురును కూర్చుండి, తమ గాయములనే పాటలుగా కట్టిరి. విడిపోయిన ప్రియురాలిని గూర్చి ఒకడు పాట వ్రాయును. ఆ పాటలో ఆమెయే వంతపాడవలెను. క్రొత్త ప్రేమను గూర్చి క్రిస్టీన్ పాట వ్రాయును; దానికి మాజీ భర్త బేసు వాయింపవలెను. వాయించెను కూడ.

ఆ ఆల్బము పేరు రూమర్స్, అనగా వదంతులు. 1977 ఫిబ్రవరిలో వెలువడినది. అమెరికా పట్టికలో 31 వారములు ప్రథమస్థానమున నిలిచినది. ప్రపంచమున నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. 1978లో ఆ యేటి ఉత్తమ ఆల్బముగా గ్రామీ పురస్కారము నందినది. అందు ది చెయిన్, అనగా గొలుసు, అను పాట కలదు. వేరువేరు సమయములలో రికార్డయిన తునుకలను అతికి దానిని కూర్చిరి. ఆ ఆల్బములో ఐదుగురి పేర్లును రచయితలుగా గల పాట అదొక్కటే. దాని నడుమ తక్కిన ధ్వనులు అణగి, మెక్వీ బేసు గిటారు ఒంటరిగా పలుకును. అదియే నేటికిని ఎక్కువమంది గుర్తించు ఘట్టము. వెనుకనుండువాడు ఆ క్షణమున ముందునకు వచ్చి, మరల వెనుకకు పోయెను.

పేరు చాలునా?

ఇంతవరకు విన్నవారికి, నిలిచినవారిదే సర్వమని తోచవచ్చును. చరిత్ర అంత సులభముగా ఒప్పుకొనదు. 1987లో బకింగ్‌హామ్ తొలగిపోగా, ఆతని స్థానమున బిల్లీ బర్నెట్, రిక్ వీటో అను ఇద్దరు రావలసివచ్చెను. పిమ్మట నిక్స్ కూడ వెడలిపోయెను. 1995లో బెక్కా బ్రామ్లెట్, డేవ్ మేసన్ అను క్రొత్తవారితో టైమ్ అను ఆల్బము వెలువడెను. క్రిస్టీన్ పాటలు కొన్ని యందున్నవి, ఫ్లీట్‌వుడ్, మెక్వీ యథాప్రకారముగా నున్నారు, పేరున్నది. కాని అమెరికాలో 200 ఆల్బముల పట్టికలో దానికి చోటైనను దొరకలేదు. 1997లో వెనుకటి ఐదుగురును కలసి ప్రదర్శించిన ది డాన్స్ అను ఆల్బము మాత్రము వచ్చీరాగానే ప్రథమస్థానమును పొందినది. లయ చెడలేదు, శ్రుతి లేదు. అందుచేత 1995లో పాట పుట్టలేదు. తండ్రి యొక్కడే యిల్లు నడపలేడు.

1998లో రాక్ సంగీతపు కీర్తిమందిరమున బృందమును చేర్చినప్పుడు ఎనమండుగురి పేర్లు పిలిచిరి. గ్రీన్, స్పెన్సర్, కిర్వాన్ పేర్లును అందున్నవి. ఆ రాత్రి గ్రీన్ వేదిక యెక్కెను గాని తన పాత బృందముతో కాదు. 1968లో తాను కట్టిన పాటను లోకప్రసిద్ధము చేసిన శాంటానాతో కలసి వాయించెను. తాను పేరు పెట్టిన బిడ్డ పరాయి యింట పెరిగి పెద్దయినప్పుడు తండ్రి దూరమునుండి చూచునట్లుండెను ఆ దృశ్యము.

2018లో బకింగ్‌హామ్ మరల తొలగింపబడెను; ఈసారియు ఒకని స్థానమున ఇద్దరు, మైక్ క్యాంబెల్, నీల్ ఫిన్ వచ్చిరి. ఆ యేడే కిర్వాన్ మరణించెను. 2020 జూలైలో గ్రీన్ మరణించెను. 2022 నవంబరు 30న, తన 79వ యేట, క్రిస్టీన్ మరణించెను. ఆమె లేక బృందమును కొనసాగించుటకు తనకు కారణము కనబడదని నిక్స్ 2023లో బహిరంగముగా చెప్పెను. అర్ధశతాబ్దికాలమున ఎందరు పోయినను ఆగని బృందము ఆ ఒక్కరి మరణముతో నిశ్శబ్దమైనది. తాళము నడపిన ఇద్దరును అప్పటికిని ఉన్నారు. పేరును ఉన్నది.

కావున తొలి ప్రశ్నకు మరలుదము. గంట మ్రోగినంతమాత్రమున పాఠము జరిగినట్లు కాదు. పాఠము చెప్పువారు, వినువారు కావలెను. కాని గంట కొట్టువాడు వేళ తప్పక వచ్చినందువలననే, పాత పిల్లలు పోయినను క్రొత్త పిల్లలు వచ్చి కూర్చుండుటకొక చోటున్నది. గ్రీన్ పోయిన దినమున ఆ ఇద్దరును పేరు మూటగట్టి ఇండ్లకు పోయినచో, క్రిస్టీన్‌కు గాని, బకింగ్‌హామ్‌కు గాని, నిక్స్‌కు గాని వచ్చి చేరుటకు చోటే లేకపోయెడిది. పాట తెచ్చినవారు పలువురు. పాట వచ్చువరకు చోటు కాచినవారు ఇద్దరు. 1967లో పీటర్ గ్రీన్ తన పేరు దాచి, వారి పేరు పలుకమీద వ్రాసినది అందులకే.