‘తగినంత’ అంటే ఎంత?

తొలిసారి గరిటె పట్టేవారికి కొన్ని కొలతలు, ఒక కుక్కర్, 45 నిమిషాలు

తెలుగు వంటల పుస్తకం ఏది తీసినా ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. ఉప్పు తగినంత. దాని కిందే నూనె సరిపడా, చింతపండు కొద్దిగా. వంట వచ్చినవాళ్లకి ఆ మాటలు చాలు. మాచర్ల నుంచో గురజాల నుంచో నరసరావుపేటకి చదువుకోను వచ్చి, నలుగురు కలిసి గది తీసుకుని, మొదటిసారి స్టవ్ ముట్టించిన కుర్రాడికి మాత్రం సరిగ్గా అక్కడే చెయ్యి ఆగిపోతుంది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ కూడా అదే చెబుతుంది: “చూసి వేసుకో నాయనా.” ఏం చూడాలో అతనికి తెలియదు.

అమ్మ దగ్గర కొలత లేక కాదు. అది ఆమె చేతిలో ఎప్పుడో ఇంకిపోయింది, అందుకే నోటితో చెప్పలేకపోతుంది. మన పాతతరం ఇళ్లలో వంట కొలతతోనే సాగింది. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇంట్లో ఎన్ని విస్తళ్లు లేస్తాయో చూసి అన్ని సోలల బియ్యం కడిగేవారు. సోల పోయింది, అందాజ మిగిలింది. కొత్తగా నేర్చుకునేవారికి ముందుగా ఇవ్వాల్సింది మళ్లీ ఆ కొలతే. నాలుగు రోజులు అంకెలతో వండితే అందాజ దానంతట అదే వస్తుంది.

299, 97: ముందు ఈ రెండు అంకెలు

కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. మగవాళ్లలో ఆ పని చేసేవారు వెచ్చించేది 97 నిమిషాలు. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు నూటికి 26 మంది, ఆడవాళ్లు నూటికి 81 మంది. 2024లో మళ్లీ లెక్క తీస్తే ఆడవాళ్లకి 289, మగవాళ్లకి 88 నిమిషాలు వచ్చాయి. ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గాయనుకుంటే మగవాళ్లకీ తొమ్మిది తగ్గాయి. ఇద్దరి మధ్య దూరం దాదాపు అంతే ఉంది.

అందుకే ఈ వ్యాసం అమ్మాయిలకి ఎంతో అబ్బాయిలకీ అంతే. తిండి తినే ప్రతివారికీ ఒక పప్పు, ఒక అన్నం, ఒక వేపుడు వచ్చి తీరాలి.

100 గ్రాములు: మనిషికి ఎన్ని బియ్యం?

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. ఇద్దరికి వండబోతే నలుగురికి అవుతుంది. బడిలో మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం పెట్టిన కొలత దీనికి మంచి ఆధారం. 1 నుంచి 5 తరగతుల పిల్లలకి పూటకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. 6 నుంచి 8 తరగతులకి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. పప్పు, కూర బాగా పెంచుకుంటే పెద్దవాళ్లకీ పూటకి 100 గ్రాముల బియ్యం చాలు. అవి ఉడికితే బరువు ఇంచుమించు మూడింతలవుతుంది.

తూకం లేకపోతే ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసే సోల అనుకోండి. లీటరు నీళ్ల సీసాతో ఆ గ్లాసు నాలుగుసార్లు నిండితే అది 250 మిల్లీలీటర్ల గ్లాసు. తలకొట్టి పోస్తే అందులో దాదాపు 210 గ్రాముల బియ్యం పడతాయి. ఇద్దరికి ఒక పూటకి ఒక గ్లాసు. ఇక ఈ గ్లాసును మార్చకండి. బియ్యం, పప్పు, నీళ్లు అన్నీ దీంతోనే కొలవండి.

1:2, అన్నం లెక్క

కుక్కర్‌లో అన్నానికి గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. ఇది కొత్త బియ్యం లెక్క. ఆరు నెలలు దాటిన పాత బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతాయి, వాటికి రెండుంపావు నుంచి రెండున్నర గ్లాసులు పొయ్యాలి. మన ఇళ్లలో ఎక్కువగా వండే సన్న బియ్యం సాంబ మసూరి, రైతుల భాషలో బీపీటీ. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన 5204 రకం అది. బస్తా మారినప్పుడల్లా మొదటి రోజు అన్నం ఎలా వచ్చిందో చూసుకోండి. పలుకుగా ఉంటే మర్నాడు పావు గ్లాసు నీళ్లు పెంచండి. చిమిడితే పావు గ్లాసు తగ్గించండి. రెండో రోజుకి ఆ బస్తా లెక్క తేలిపోతుంది.

మన పల్నాడులో రోజూ వరి అన్నం అనేది పెద్ద పాత సంగతేమీ కాదు. ఈ సీమలో సన్నన్నం దొరకదని, ఎటు చూసినా జొన్నకూడేనని శ్రీనాథుడి పేరిట చాటువే ఉంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి పునాది రాయి పడింది, 1967 ఆగస్టులో కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద వరి పండాకే ఇక్కడి పళ్లెంలో రోజూ తెల్లన్నం చేరింది. జొన్నని చిన్నచూపు చూడనక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 2.8 గ్రాములుంటే, జొన్నలో 10 గ్రాములు దాటి ఉంటుంది. అన్నం, పప్పు చెయ్యి తిరిగాక వారానికోసారి జొన్నరవ్వ నానబెట్టి, ఒకటికి మూడు నీళ్లతో వండి చూడండి.

1:3, పప్పు లెక్క

ఇద్దరికి 80 గ్రాముల కందిపప్పు. అంటే గ్లాసులో మూడో వంతుకి ఒక పిసరు ఎక్కువ. నీళ్లు మూడింతలు, చిటికెడు పసుపు. పదిహేను నిమిషాలు నానితే త్వరగా మెదుగుతుంది.

పప్పు ఎందుకు ముఖ్యమో అంకె చెబుతుంది. 100 గ్రాముల బియ్యంలో ఉండే మాంసకృత్తులు దాదాపు 8 గ్రాములు. 40 గ్రాముల కందిపప్పులో అంతకంటే కాస్త ఎక్కువే, 8.7 గ్రాములు. పళ్లెంలో అన్నం పక్కన పప్పు చేరితే మాంసకృత్తులు రెండింతలు దాటుతాయి. కోడిగుడ్డు ఒకటి ఉడికించుకుంటే ఇంకో ఆరు గ్రాములు.

చాలామంది మొదటిసారి గోంగూర పప్పు చేసి దెబ్బతినేది ఒకచోటే. కడిగిన ఆకుని పప్పుతోపాటే కుక్కర్‌లో వేసేస్తారు. ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. పులుపు తగిలితే పప్పు మెత్తబడటం బాగా నెమ్మదిస్తుంది. గోంగూర, చింతపండు, మామిడికాయ, పుల్లటి టమాటా ఏదైనా ఇదే నియమం. ముందు పప్పు ఉడకాలి, తర్వాతే పులుపు కలవాలి. గోంగూరని నాలుగు పచ్చిమిరపకాయలతో బాండీలో విడిగా మగ్గించి, ఉడికిన పప్పులో వేసి పప్పుగుత్తితో ఎనపండి. ఉప్పు అప్పుడే.

121 డిగ్రీలు: కుక్కర్ లోపల ఏం జరుగుతుంది?

మూతలేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మంట ఎంత పెంచినా నీళ్ల వేడి అంతకు మించదు. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నీళ్లు దాదాపు 121 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. వంట టైమ్ సగానికి పైగా తగ్గేది ఈ 21 డిగ్రీల వల్లే.

దీన్నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, విజిల్ వస్తోందంటే లోపల ఒత్తిడి నిండిందని, మిగులు ఆవిరి బయటికి పోతోందని. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి గడియారం చూడండి. అన్నం గిన్నె, పప్పు గిన్నె ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకే కుక్కర్‌లో ఉడికిస్తే సిమ్‌లో 10 నిమిషాలు చాలు. మంట పెద్దదిగానే ఉంచి విజిల్స్ లెక్కపెడితే గ్యాస్ ఆవిరైపోవడం తప్ప లాభం లేదు. రెండు, కుక్కర్‌ని నిండా నింపకూడదు. మామూలు పదార్థాలకి మూడింట రెండు వంతులు, నురగ పొంగే అన్నం, పప్పులకి సగం. ఇది హద్దు. ఒత్తిడి పూర్తిగా దిగేదాకా మూత జోలికి పోకండి.

రైస్ కుక్కర్ వాడేవారికి ఇంకా సులువు. 1955లో జపాన్‌లో తోషిబా సంస్థ అమ్మకానికి తెచ్చిన ఈ పరికరం పనిచేసేది నీళ్ల గుణం మీదే. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి 100 దాటదు. బియ్యం నీళ్లన్నీ పీల్చుకోగానే అడుగు వేడెక్కుతుంది, స్విచ్ పడిపోతుంది. స్విచ్ పడ్డాక పది నిమిషాలు అలాగే వదిలేస్తే మెతుకు విడివిడిగా వస్తుంది.

60 సెకన్లు: తాలింపు

వంట మొత్తంలో భయపెట్టేది ఈ ఒక్క నిమిషమే. అందుకే స్టవ్ ముట్టించకముందే అన్నీ ఒక పళ్లెంలో వరసగా పెట్టుకోండి. అర స్పూను ఆవాలు, స్పూను మినప్పప్పు, అర స్పూను జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన వెల్లుల్లి నాలుగు, కరివేపాకు ఒక రెమ్మ. కరివేపాకు కడిగి బట్టతో తుడిచి ఉండాలి. చిట్లి చేతిమీద పడేది ఆకుమీది తడే.

రెండు స్పూన్ల నూనె పోసి మధ్యస్థ మంటమీద పెట్టండి. ఒక్క ఆవగింజ వేసి చూడండి. అడుగునే పడుకుంటే ఆగాలి. చిటపటమంటే మిగతా ఆవాలు వేసి మూత అడ్డం పెట్టండి. చిటపట తగ్గగానే మినప్పప్పు. అది తెల్లరంగు నుంచి లేత బంగారు రంగుకి తిరిగేలోపు జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి. వెల్లుల్లి వాసన రాగానే స్టవ్ ఆపేయండి. ఆపాకే కరివేపాకు. నూనెలోని వేడి దానికి చాలు. ఆ బాండీని అలాగే పప్పులో కుమ్మరించండి. ఆవాలు మాడితే చేదు దిగుతుంది. అప్పుడు ఆ తాలింపు పారేసి మళ్లీ పెట్టుకోవడమే మంచిది, పోయేది రెండు స్పూన్ల నూనె.

6 స్పూన్లు, 5 గ్రాములు: నూనె, ఉప్పు

ఇప్పుడు ‘తగినంత’ దగ్గరికి వద్దాం. ఈ వ్యాసంలో ఎక్కడైనా స్పూను అంటే 5 మిల్లీలీటర్ల టీస్పూను.

పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి రోజుకి 27 గ్రాముల నూనె, కొవ్వులు సూచించారు. అది ఇంచుమించు ఆరు స్పూన్లు. పప్పు తాలింపుకి రెండు, పావుకిలో దొండకాయ వేపుడుకి నాలుగు వేస్తే మొత్తం ఆరు. ఇద్దరు తింటే మనిషికి మూడు. రోజు వాటాలో సగం ఒక పూటలో అయిపోయింది, రెండో పూటకి సగం మిగిలింది. లెక్క కుదిరింది.

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక స్పూను తలకొట్టినంత. ఇద్దరి పప్పుకి అర స్పూను, వేపుడుకి అర స్పూను వేస్తే మనిషికి అర స్పూను పడుతుంది, రెండు పూటలకి రోజు వాటా నిండినట్టే. పక్కన ఆవకాయ ముక్క చేరితే హద్దు దాటుతుంది. ఊరగాయ ఉన్న పూట వేపుడులో ఉప్పు సగం తగ్గించండి.

కారం విషయంలో ఒక హెచ్చరిక. వేరే ప్రాంతపు వంటకాల్లో చెప్పిన స్పూన్ల లెక్క మన మిరపకాయకి పనికిరాదు. ఊళ్లో పట్టించిన కారమైతే అర స్పూనుతో మొదలుపెట్టండి. ఎక్కువైందా, నీళ్లు తాగితే మంట తగ్గదు, పెరుగన్నం తినండి.

45 నిమిషాలు: ఏది ముందు, ఏది వెనక?

మొదటి 5 నిమిషాలు బియ్యం, పప్పు కడిగి కొలిచిన నీళ్లలో నానబెట్టండి. 5 నుంచి 20 దాకా దొండకాయలు తరగండి, తాలింపు పళ్లెం సర్దుకోండి. 20వ నిమిషానికి కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి రెండు గిన్నెలూ పెట్టి మూత బిగించండి. అప్పుడే రెండో పొయ్యిమీద వేపుడు. ముక్కలకి ఉప్పు, పసుపు వేసి మూతపెట్టి పది నిమిషాలు మగ్గించి, మూత తీసి మరో పది నిమిషాలు వేయించండి, కారం చివర్లో. అదే బెండకాయైతే కోయకముందే కడిగి ఆరబెట్టాలి, మూత పెట్టకూడదు. పెడితే జిగురు పోదు. 35కి కుక్కర్ ఆపండి, 40కి తాలింపు పెట్టేసరికి ఒత్తిడి దిగుతుంది, 45కి పళ్లెం ముందు కూర్చోండి. పెరుగు తోడు రాత్రే వేసుకుని ఉంటే భోజనం సంపూర్ణం.

2 గంటలు: మిగిలిన అన్నం

వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకి మించి ఉంచొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అన్నంలో ఒక రకం క్రిమి బీజాలు ఉడికించినా చావవు, గోరువెచ్చగా వదిలేస్తే మేల్కొంటాయి. రాష్ట్రంలో ఎండ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది మన పల్నాడులోని రెంటచింతలే. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అలాంటి రోజుల్లో గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రిజ్ లేకపోతే పూటకి సరిపడానే వండండి. పెద్దలు తిన్న చద్దన్నం వేరు. చల్లారిన అన్నంలో పాలు పోసి తోడువేస్తే రాత్రంతా పులిసి, ఆ పులుపే దానికి కాపలా కాసేది. మూతపెట్టి మరచిపోయిన అన్నం చద్దన్నం కాదు.

చివరిగా ఒక విన్నపం

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక చిన్న పుస్తకం, ఒక టీస్పూను తీసుకెళ్లండి. అమ్మో అమ్మమ్మో పప్పులో వెయ్యబోయే ఉప్పుని చేత్తో తీసినప్పుడు ఒక్క క్షణం ఆపి, ఆ ఉప్పుని స్పూనులో పోయించండి. ఎన్ని స్పూన్లైందో, ఎంతమందికో రాసుకోండి. చింతపండు, కారం, చారుపొడి అన్నీ అలాగే. ఒక్క సెలవు రోజు చాలు, మీ ఇంటి ‘తగినంత’ అంకెల్లోకి వచ్చేస్తుంది. ఆ చెయ్యి ఉన్నప్పుడే రాసుకోండి.