మధుమేహము: బీజదోషమా, అపథ్యమా?

మధుమేహమును గూర్చి మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "మా వంశములోనే ఉన్నది, ఏమి చేయగలము?" తాతకు వచ్చినది, తండ్రికి వచ్చినది, కావున తనకును రాక తప్పదని నలువదేండ్ల వాడొకడు ముందుగానే తలవంచును. వాని పొరుగున, వంశమున నెవ్వరికిని చక్కెర వ్యాధి లేని మరియొకడు, ఆ ధైర్యముతోనే దినమంతయు కుర్చీ వదలక పనిచేసి, రాత్రి పొద్దుపోయిన పిమ్మట కడుపునిండ తెల్లని యన్నము తిని నిద్రించును. ఈ యిరువురి తలంపును ఒక్క పొరపాటు నుండియే పుట్టినది. రోగమునకు వారసత్వమో, నడవడియో, ఏదో యొక్కటే కారణమై యుండవలెనని వారి నమ్మకము.

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మధుమేహము చేరిన ప్రమేహములు రెండు విధములనియు, అందొకటి తల్లిదండ్రుల బీజదోషము వలన వచ్చు సహజమనియు, రెండవది అహితాహారము వలన వచ్చు అపథ్యనిమిత్తమనియు సుశ్రుతసంహిత చికిత్సాస్థానము విభజించినది. మొదటి రోగి కృశించి, కొద్దిగా తిని, మిక్కిలి దప్పికగొనును. రెండవవాడు స్థూలుడై, బహుభోజియై, పడకయందును ఆసనమునందును నిద్రయందును మక్కువ కలిగియుండును. ఇట్టి రోగులలో పేదవానిని చెప్పులును గొడుగును లేక నూరు యోజనములు నడువుమనియు, ధనవంతుని శ్యామాక నీవార ధాన్యములతో జీవింపుమనియు ఆ గ్రంథము శాసించుట చూచినప్పుడు, ఆ ప్రాచీనుల సూక్ష్మదృష్టికి నమస్కరింపక తప్పదు.

అయితే నేటి విజ్ఞానము ఒక్క యడుగు ముందునకు వేసినది. రోగులలో నూటికి తొంబదిమందికి పైగా కనిపించు రెండవ రకపు మధుమేహమునందు ఆ రెండు కారణములును ఒకే దేహమున పెనవేసికొని యుండును. 2006లో ఐస్‌లాండు పరిశోధకులు టీసీఎఫ్‌7ఎల్‌2 అను జన్యువులో నొక భేదమును కనుగొనిరి. క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను స్రవించు శక్తిని అది తగ్గించును. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఆ భేదము సంక్రమించినవానికి వ్యాధి వచ్చు అవకాశము సుమారు ఒకటిన్నర రెట్లగును, ఇరువురి నుండియు సంక్రమించినవానికి రెండున్నర రెట్లకు చేరువగును. ఆ తరువాత ఇట్టి భేదములు వందలకొలది బయటపడినవి. వేనికవి స్వల్పములే, అన్నియు కూడినప్పుడే బరువు. అమెరికాలో వ్యాధి గడపకు చేరిన (చక్కెర పెరిగియు ఇంకను మధుమేహముగా మారని) మూడువేలమందికి పైగా జనులను పరిశీలించినప్పుడు, మొదట చెప్పిన జన్యుభేదమును రెండు వైపుల నుండి పొందినవారు సాధారణముగా త్వరగా రోగులగుచుండగా, ఆహారమును తగ్గించి వ్యాయామము చేసినవారి వర్గములో ఆ యాధిక్యము దాదాపు అణగిపోయినట్లు తేలినది. జన్యువు మారలేదు, దాని యధికారము మారినది.

దీనికంటె బలమైన సాక్ష్యము పీమా జాతి చరిత్రమున నున్నది. అరిజోనాలో గీలానది యొడ్డున కాలువలు త్రవ్వుకొని సేద్యము చేసికొనిన ఈ ప్రజల నీటిని పందొమ్మిదవ శతాబ్దపు వలసదారులు ఎగువనే మళ్లించుకొనగా, వారి పొలములు ఎండినవి. కాలక్రమమున పిండియు కొవ్వును నిండిన పరాయి ఆహారము వారి పళ్లెములలోనికి వచ్చినది. వారి సమీపబంధువులు మెక్సికో కొండలలో, మయ్‌కోబా ప్రాంతమున, చేతులతో కష్టించి బ్రదుకుచు వచ్చిరి. 2006లో ప్రకటితమైన పోలిక ననుసరించి అమెరికా పీమాలలో నూటికి 38 మందికి మధుమేహ ముండగా, మెక్సికో పీమాలలో ఏడుగురికి లోపే. రక్తమొక్కటే, బ్రదుకు వేరు. నీటిని పోగొట్టుకొనిన జాతి ఆరోగ్యమును సైతము పోగొట్టుకొనినదన్నమాట. ఇట్టి రోగమును వ్యక్తి యొక్క తిండిపోతుతనముగా మాత్రమే నిందించుట నాకు న్యాయముగా తోచదు.

మన విషయమునకు వత్తము. భారతీయుని దేహమునకు ఒక ప్రత్యేకత కలదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్, ఈ మిత్రులిద్దరి ఎత్తుబరువుల సూచిక (బి.ఎం.ఐ.) సరిగా ఒక్కటే, 22.3. కాని కొలిచి చూడగా యుడ్కిన్ దేహమున కొవ్వు నూటికి 9 పాళ్లు, యాజ్ఞిక్ దేహమున 21 పాళ్లు. సన్నగా కనిపించువానిలోనే ఇంత కొవ్వు దాగియుండుటయు, అది ఉదరమున చేరి ఇన్సులిన్ మాటను కండరములు వినకుండ చేయుటయు మన ప్రమాదము. అందువలననే మన పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటరాదని హద్దు పెట్టిరి. మన బామ్మలు దంపుడు బియ్యమును, జొన్నలను, రాగులను తినిరి. మనము మరలలో పొట్టును తవుడును పోగొట్టుకొనిన బియ్యమును పూటపూటకు తినుచు, నడకను మాత్రము మానితిమి. 21 దేశములలో జరిపిన పరిశీలన యొకటి, తెల్లని యన్నము అధికముగా తినుట వలని ముప్పు దక్షిణాసియా ప్రజలలోనే ఎక్కువగా నున్నదని 2020లో తెలిపినది. 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము దేశమున మధుమేహులు పదికోట్లకు పైబడిరి. గడపలో నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షలు.

గడపలో నిలిచినవారు లోనికి పోక తప్పదా? చెన్నైలో రామచంద్రన్ గారును వారి సహచరులును ఇట్టి 531 మందిని మూడేండ్లు కనిపెట్టిరి. మామూలుగా నున్నవారిలో నూటికి 55 మంది మధుమేహులైరి; తిండిని దిద్దుకొని, ప్రతిదినము నడచినవారిలో 39 మందే. మెట్‌ఫార్మిన్ మాత్రయు దాదాపు అంతే ఫలము నిచ్చినది. ఇరువర్గములవారును భారతీయులే, జన్యువులును భారతీయములే యని మరువరాదు.

వారసత్వమనునది బీజముతోనే ముగియదు, గర్భమునందును కొనసాగును. హైదరాబాదు సమీప గ్రామములలో 1987 నుండి 1990 వరకు కొన్ని గ్రామముల గర్భిణులకును పసిపిల్లలకును అదనపు పోషకాహారము నందించి, మరికొన్నింటిని అట్లే విడిచిపెట్టిరి. ఆ బిడ్డలు యౌవనమునకు వచ్చినప్పుడు పరీక్షింపగా, ఆహారమందిన గ్రామములవారిలో ఇన్సులిన్‌ను దేహము ధిక్కరించు గుణము సుమారు నూటికి ఇరువది పాళ్లు తక్కువగా నుండెను. తల్లి భుజించిన కవళము పదునైదేండ్ల తరువాత కుమారుని రక్తమున పలికినది.

కాబట్టి తల్లిదండ్రులకు వ్యాధి యున్నచో ముప్పది దాటక ముందే రక్తపరీక్ష చేయించుకొనవలెను. పరగడుపున చక్కెర నూరు దాటినదో, గడప చేరినట్లే, 126 చేరినదో, పరీక్షను మరల చేయించి వైద్యుని చూడవలెను. వీరికంటె ముందు నేను చెప్పదలచినది గర్భకాలమున చక్కెర కనిపించిన స్త్రీని గూర్చి. ప్రసవముతో ఆమె చక్కెర చాలవరకు సర్దుకొనును, ఇంటివారు బిడ్డ నెత్తుకొని ఆమె సంగతి మరతురు. కాని ముందుముందు ఆమెకు మధుమేహము వచ్చు అవకాశము ఇతర స్త్రీల కంటె ఏడు రెట్లు, అంతకు మించియు. పురుడు గడచిన ఆరువారములకు ఒకమారు, ఆపైన ఏటేట ఒకమారు ఆమె రక్తము చూపించుట, బిడ్డకు టీకాలు వేయించుటకు ఆసుపత్రికి పోవునాడే చేయదగిన పని.