పుట్టికి చిల్లు పడిందా? ఎపాక్సీ డబ్బా కొనే ముందు ఈ లెక్క చూడండి.. అరకిలోతోనే పని అయిపోవచ్చు!

కొలిమిగుండ్ల అనగానే సిమెంట్ ఫ్యాక్టరీలు, నాపరాళ్లు, బెలూం గుహలు గుర్తొస్తాయి. కానీ పక్క మండలంలోనే అవుకు జలాశయం ఉంది. అక్కడైనా, అటు శ్రీశైలం వెనుక జలాల్లోనైనా చేపల వేటకు పుట్టి, చిన్న ఫైబర్ పడవే ఆధారం. అడుగున రాయి తగిలి పగిలిందంటే ఆ రోజు నుంచే వేట బంద్. సరే, మనమే రిపేర్ చేసుకుందామని షాపుకు వెళ్తే మొదటి ప్రశ్నకే తికమక.. ‘ఏ రెజిన్ కావాలి?’

ఇక్కడ తప్పు సరుకు కొంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు. నీళ్ల మధ్యలో అతుకు ఊడితే ప్రాణం మీదకొస్తుంది. 2023 మేలో అవుకు జలాశయంలో టూరిస్టు బోటు మునిగి ప్రాణాలు పోయిన ఘటనను ఈ ప్రాంతం ఇంకా మర్చిపోలేదు. మరి తక్కువ ఖర్చులో గట్టి అతుకు ఎలా వేయాలి? ఏం కొనాలి? చూద్దాం.

రెండు రెజిన్లు.. తేడా ఏంటి?

మార్కెట్లో ఎక్కువగా దొరికేవి పాలిస్టర్ రెజిన్, ఎపాక్సీ రెజిన్. ఫైబర్ పడవలు ఎక్కువగా పాలిస్టర్‌తోనే తయారవుతాయి. ఇది చవక. ఎపాక్సీ ధర సాధారణంగా దానికి రెండు, మూడు రెట్లు ఉంటుంది. కానీ పాత ఫైబర్ మీద, చెక్క మీద ఎపాక్సీ పట్టు చాలా ఎక్కువ. నీటిని కూడా బాగా అడ్డుకుంటుంది. అందుకే నీటి మట్టానికి పైన గీతలు, చిన్న పగుళ్లకు పాలిస్టర్ సరిపోతుంది. నీళ్లలో మునిగే చోట ఆరపార చిల్లు పడితే ఎపాక్సీనే మేలు. చెక్క పడవైతే ఆలోచించకుండా ఎపాక్సీ తీసుకోండి.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పాలిస్టర్ మీద ఎపాక్సీ అతుక్కుంటుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ నమ్మకంగా అతుక్కోదు.

మ్యాటా.. గుడ్డా?

పోగులు చిందరవందరగా అతికించినట్టు ఉండేది మ్యాట్. నేసినట్టు ఉండేది గుడ్డ. మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో సరిగా కరగదు. కాబట్టి పాలిస్టర్ కొంటే మ్యాట్, ఎపాక్సీ కొంటే నేసిన గుడ్డ. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.

అసలు లెక్క ఇదీ

పడవ మందం 5 మిల్లీమీటర్లు, చిల్లు 10 సెంటీమీటర్లు అనుకుందాం. చిల్లు చుట్టూ అంచును వాలుగా అరగదీయాలి. మందానికి 12 రెట్లు.. అంటే అన్ని వైపులా 6 సెంటీమీటర్లు. మొత్తం అతుకు 22 సెంటీమీటర్ల చదరం.

పాలిస్టర్‌తో అయితే 450 జీఎస్‌ఎం మ్యాట్ ఒక పొర సుమారు ఒక మిల్లీమీటర్ మందం వస్తుంది. ఐదు పొరలకు 110 గ్రాముల మ్యాట్, దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల రెజిన్.. అంటే 280 గ్రాముల లోపే. ఎపాక్సీతో అయితే 600 జీఎస్‌ఎం గుడ్డ ఎనిమిది పొరలు, సుమారు 240 గ్రాములు. రెజిన్, హార్డెనర్ కలిపి దాదాపు అంతే బరువు.

వేస్టేజీ వేసుకున్నా అరకిలో చాలు. పెద్ద డబ్బా పాలిస్టర్ కొని మిగతాది పాడుచేసుకునే కంటే అరకిలో ఎపాక్సీ కొనడమే చవక పడొచ్చు. డబ్బా ధర కాదు, అతుకు ధర చూడాలన్నమాట.

ఫిల్లర్ల దగ్గర జాగ్రత్త

కారు డెంటింగ్‌కు వాడే లప్పం చవకే. కానీ అందులో ఉండే టాల్క్ పౌడర్ వల్ల నీటిని పీలుస్తుంది. నీటి మట్టం కింద వాడొద్దు. దాని బదులు ఎపాక్సీలోనే పౌడర్ కలిపి లప్పం చేసుకోవచ్చు. జారిపోకుండా చిక్కబడాలంటే ఫ్యూమ్డ్ సిలికా. బలం కావాలంటే గుడ్డ కత్తిరించగా మిగిలిన పోగుల్ని సన్నగా తరిగి కలపాలి. దానికి పైసా ఖర్చు లేదు. పాలిష్ యూనిట్ల దగ్గర ఊరికే దొరికే రాతి పొడి కలపొద్దు. అందులో తడి, మట్టి ఉంటే అతుకు చెడుతుంది.

ఎక్కడ అడగాలి?

పడవల షాపే అక్కర్లేదు. వాటర్ ట్యాంకులు, కూలర్ బాడీలు, బస్ బాడీలు చేసేవాళ్లు వాడేదీ ఈ రెజిన్, మ్యాటే. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పనిలో పగుళ్లు పూడ్చడానికి కూడా రెజిన్ వాడతారు. వాళ్లు ఎక్కడ తెస్తున్నారో అడిగితే లూజుగా దొరికే చోటు తెలుస్తుంది. తయారీ తేదీ తప్పక చూడండి. ఎండలో పెట్టిన పాలిస్టర్ డబ్బాలోనే గడ్డకడుతుంది. చిన్న ట్యూబుల్లో వచ్చే ఎపాక్సీ గమ్ కొనొద్దు. అది చిక్కగా ఉండి గుడ్డలోకి ఇంకదు.

ఇవి మర్చిపోవద్దు

* ఎపాక్సీని తూకం వేసే కలపాలి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, అతుకు మెత్తగా మిగిలిపోతుంది. డబ్బా మీద రాసిన కొలతే ఫైనల్.
* పాలిస్టర్‌కు ఎంఈకేపీ 100 గ్రాములకు 1 నుంచి 2 గ్రాములు చాలు. దీన్ని కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో నేరుగా కలిపితే పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే ఎంఈకేపీ వేయాలి. కంట్లో పడితే చూపు పోవచ్చు. అద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.
* పగిలిన చోట తడి పూర్తిగా ఆరాలి. అవసరమైతే రెండు, మూడు రోజులు ఆగండి.
* మన ఎండకు కలిపిన రెజిన్ నిమిషాల్లో గట్టిపడుతుంది. పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకోండి.
* ఎపాక్సీ ఎండకు తట్టుకోదు. గట్టిపడ్డాక నీళ్లతో కడిగి, రుద్ది, పైన పెయింట్ వేయాలి.

చివరగా ఒక మాట. ఇదంతా సొంతంగా వేటకు వాడుకునే చిన్న పడవల కోసమే. జనాన్ని ఎక్కించుకునే మోటార్ బోటు అయితే ఇన్‌లాండ్ వెసల్స్ యాక్ట్ 2021 ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. రిపేర్ చేసిన చిన్న పడవనైనా ముందు ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్లలో గంటసేపు ఉంచి చూడండి. లోపల చుక్క తడి కనిపించినా లోతుకు వెళ్లొద్దు.