సర్వే అంటే కాగితాలు నింపడమేనా?

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకనాడు హాస్టలుకు సర్వేవాళ్లు వచ్చారు. అందరినీ వరుసగా కూర్చోబెట్టి కాగితాలు పంచారు. "మీకు రోజూ మంచి భోజనం పెడుతున్నారు కదా?" అన్నది మొదటి ప్రశ్న. వెనకాల వార్డెన్ సారు నిలబడి ఉన్నారు. అందరం "అవును" అని టిక్కు పెట్టాం. ఆ పూట మేం తిన్నది నీళ్ల చారు. పీజీలో సామాజిక పరిశోధన పద్ధతులు చదివాక గానీ ఆ రోజు జరిగిన పొరపాట్లేమిటో మాకు అర్థం కాలేదు. తమ్ముళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పరిశోధన ఒక ప్రశ్నతో మొదలవుతుంది. దానికి మనం ముందుగా ఊహించుకునే జవాబే పరికల్పన. ఉదాహరణకు "నీటి వసతి సరిగా లేని హాస్టళ్లలో హాజరు తగ్గుతుంది" అనుకుందాం. ఇందులో నీటి వసతి స్వతంత్ర చరం, హాజరు పరతంత్ర చరం. సేకరించిన సమాచారం ఊహను బలపరచకపోతే ఊహనే మార్చుకోవాలి గానీ సమాచారాన్ని మార్చకూడదు.

హాస్టల్లో 150 మంది ఉంటే, 30 మందిని అడిగినా చాలు. అదే నమూనా. అయితే ముందు వరుసలోని 30 మందిని తీసుకోరాదు. ఒకటి నుంచి ఐదు వరకు అంకెల చీటీలు వేసి ఒకటి తీయాలి. హాజరు పట్టీలో ఆ అంకె దగ్గర మొదలుపెట్టి ప్రతి ఐదో పేరునూ తీసుకోవాలి. ప్రశ్నలోనే జవాబు ఉండకూడదు. "కదా?" అని అడిగితే "అవును" అనే జవాబే వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం నైతికత. అమెరికాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ సోకిన పేద నల్లజాతి పురుషులకు అసలు సంగతి చెప్పకుండా, మందు వచ్చాక కూడా ఇవ్వకుండా అధ్యయనం చేశారు. అది బయటపడ్డాక వచ్చిన 1979 నాటి బెల్మాంట్ నివేదిక మూడు సూత్రాలు చెప్పింది: వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం.

ఇది ఎక్కడో జరిగిన కథే కాదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసి అధ్యయనం చేశారు. 2010లో దాన్ని ఆపేశారు. అక్కడి 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారనీ, 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయనీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక తెలిపింది. ఇక్కడ టీకా మంచిదా కాదా అన్నది ప్రశ్న కాదు. ఆ టీకాను నేడు వైద్యులే వేయించుకోమంటున్నారు. అమ్మానాన్నలను అడగకపోవడమే తప్పు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మా నాన్న నేటికీ వేలిముద్రే వేస్తారు. వేలిముద్ర వేయడం తప్పు కాదు, చదివి వినిపించకుండా వేయించుకోవడం తప్పు.

నిరుడు ప్రాజెక్టు పని మీద మేమే ఒక హాస్టలుకు వెళ్లాం. "అన్నా, నా పేరు రాస్తావా?" అని ఒక తమ్ముడు భయంగా అడిగాడు. పేరు గడి కొట్టేసి అంకె వేశాం. తర్వాత చూస్తే అతని ఊరు, తరగతి అలాగే ఉన్నాయి. ఆ ఊరి నుంచి వచ్చినవాడు అతనొక్కడే. అవి కూడా తీసేశాం.

తమ్ముళ్లారా, ఈసారి ఎవరైనా కాగితాలతో వస్తే మర్యాదగానే అడగండి: మీరెవరు, ఇది ఎందుకు, మా జవాబులు ఎవరు చూస్తారు? ఇష్టం లేకపోతే చెప్పనని అనే హక్కు మీకుంది. రేపు మీరే కాగితాలు పట్టుకొని వెళ్లిన రోజున, ఎదుటివారికీ ఆ హక్కు ఉందని మరవకండి.